అంబాసిడర్‌లో శ్రీశైలానికి

పొద్దున్నే ఒక్క సెల్ఫ్‌కే స్టార్ట్ అయ్యే కారు, దారిలో టీకి ఆపితే మళ్లీ లేవనంటుంది. ఆపిన వెంటనే తాళం తిప్పితే లేస్తుంది. గంట ఆగి తిప్పినా లేస్తుంది. మధ్యలో పావుగంట నుంచి అరగంట దాకా మాత్రం మొండికేస్తుంది. మా నాన్న నడిపిన 1984 నాటి అంబాసిడర్ మార్క్ ఫోర్‌ది ఇదీ తీరు. దీనికి తోడు ఇంకో బాధ. కాలనీ రోడ్ల మీద, సిగ్నళ్ల దగ్గర మామూలుగా ఉండే వేడి ముల్లు, ఊరు దాటి అరవై వేగం అందుకోగానే మెల్లగా పైకి పాకేది. నగరంలో ఒక వర్క్‌షాపు వాళ్లు కాయిల్ మార్చారు, బ్యాటరీ మార్చారు, రేడియేటర్ మూత మార్చారు. రెండు జబ్బులూ ఎక్కడివక్కడే ఉన్నాయి.

అమ్మకు శ్రీశైలం మొక్కు ఉంది. ఆ కారులోనే వెళ్లి తీర్చుకోవాలని ఆమె పట్టు. నాన్న తమ్ముడు, మా చిన్నాయన, అంబాసిడర్ ట్యాక్సీ నడిపి పిల్లలను చదివించుకున్న మనిషి. సలహా అడిగితే ఆయన ఒకటే మాట అన్నాడు. "షెడ్డుల పెట్టి చూస్తే దాని రోగం బయటపడది బిడ్డా. ఎండల, ఎత్తుల, దూరం నడిస్తెనే అది నోరిప్పుతది. నేనొస్త, పోదం పా." అట్లా ఏప్రిల్ ఎండల్లో, తెల్లవారకముందే ముగ్గురం బయల్దేరాం. డిక్కీలో రెండు క్యాన్ల మంచి నీళ్లు, ఫ్యాన్ బెల్టు, కొత్త పాయింట్ల సెట్టు, కండెన్సరు, చిన్న బల్బుకు వైర్లు కట్టిన టెస్ట్ ల్యాంపు, నాన్న పాత స్టార్టింగ్ హ్యాండిల్ ఉన్నాయి.

హైదరాబాద్ నుంచి శ్రీశైలానికి 765వ నంబరు జాతీయ రహదారి. తుక్కుగూడ, కడ్తాల్, ఆమనగల్లు, కల్వకుర్తి, డిండి, హాజీపూర్ మీదుగా మన్ననూరు దాకా ఊళ్లు తగులుతాయి. మన్ననూరు దాటితే అమ్రాబాద్ పులుల అభయారణ్యం. అక్కడి చెక్‌పోస్టు రాత్రి తొమ్మిదికి మూస్తే పొద్దున ఆరింటికే తెరుస్తారు. అడవిలో బండి ఆగితే మెకానిక్కు దొరకడు, దిగి నడిచే దారీ కాదు. కాబట్టి కారు సంగతి మన్ననూరు ఇవతలే తేలాలి. ఇది మా ముగ్గురికీ తెలుసు.

మొదటి పరీక్ష మైసిగండిలో ఎదురైంది. ఆ దారిన పోయే బండ్లన్నీ మైసమ్మ దగ్గర ఆగి కొబ్బరికాయ కొట్టి కదులుతాయి. అమ్మ దర్శనం చేసుకుని వచ్చేసరికి ఇరవై నిమిషాలైంది. తాళం తిప్పాను. సెల్ఫ్ గట్టిగానే తిరిగింది, ఇంజిన్ మాత్రం అందుకోలేదు. మళ్లీ తిప్పబోతుంటే చిన్నాయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"గట్ల కొట్టుకుంట పోతే బ్యాటరీ కూసుంటది. ఆగు. బానెట్ తెరువు. వాసన చూడు."

తెరవగానే ముక్కు పుటాలు మండేంత పెట్రోల్ వాసన. అప్పటికే చుట్టూ చేరిన డ్రైవర్లలో ఒకాయన తడిగుడ్డ తెచ్చి ఏసీ పంపు, అంటే పెట్రోల్ పంపు మీద వేయమన్నాడు. అది మంచి చిట్కానే. ఇంజిన్ పక్కన బిగించిన పెట్రోల్ పంపు కాలిపోతుంటే లోపల పెట్రోలు ఆవిరై బుడగ కడుతుంది. పంపు ఆ బుడగనే నొక్కుతూ ఉంటుంది తప్ప పెట్రోలును తోయలేదు. తడిగుడ్డ వేస్తే బుడగ కరిగి పెట్రోలు కదులుతుంది. వెనకటి ట్యాక్సీ డ్రైవర్లంతా ఎండాకాలం ఒక గుడ్డపేలిక, సీసాడు నీళ్లు దగ్గర పెట్టుకునేవాళ్లు. కానీ చిన్నాయన ఆ గుడ్డను సున్నితంగా తిరస్కరించాడు. "పెట్రోలు అందకపోతే వాసనెట్లొస్తది తమ్మీ? ఈడ తక్కువ కాలే, ఎక్కువైంది" అన్నాడు.

అది నాకు ఆ రోజు దొరికిన మొదటి పాఠం. వేడి మీద లేవని కారులో పెట్రోలు రెండు రకాలుగా ఇబ్బంది పెడుతుంది. పైపులోనో పంపులోనో ఆవిరి బుడగ కడితే కార్బొరేటరుకు పెట్రోలే రాదు, అప్పుడు వాసన ఉండదు. ఫ్లోట్ చాంబరులో పెట్రోలు మరిగి, పొంగి, కింది గొట్టంలోకి కారితే గాలి తక్కువై పెట్రోలు ఎక్కువవుతుంది, అప్పుడు వాసన గుప్పుమంటుంది. మొదటిదానికి తడిగుడ్డ మందు. రెండోదానికి గాలి మందు. యాక్సిలరేటర్‌ను అడుగుదాకా తొక్కి అలాగే పట్టుకోవాలి. టపటపా కొట్టకూడదు, కొడితే ప్రతి దెబ్బకూ కార్బొరేటరు ఇంకాస్త పెట్రోలు చిమ్ముతుంది. కార్బొరేటరు తలుపు పూర్తిగా తెరుచుకుని, సెల్ఫ్ తిరుగుతున్నంతసేపూ గాలి లోపలికి పోయి, పేరుకున్న పెట్రోలును ఊడ్చేస్తుంది.

కాసేపు బానెట్ తెరిచి ఆవిరి పోనిచ్చాక చిన్నాయన ఇంకో పని చేశాడు. ఒక ప్లగ్గు వైరు ఊడదీసి, చేతిలోని పాత ప్లగ్గుకు తగిలించి, దాన్ని కార్బొరేటరుకు దూరంగా ఇంజిన్ ఇనుముకు ఆనించి నన్ను సెల్ఫ్ కొట్టమన్నాడు. నీలంగా, టిక్కుటిక్కుమంటూ నిప్పురవ్వ దూకింది. పసుపచ్చగా, నీరసంగా వస్తే కండెన్సరునో కాయిల్‌నో అనుమానించాలి. రెండూ వేడెక్కాకే చెడే రకాలు.

"కరెంటు మంచిగనే ఉంది. టైముకు వస్తున్నదా లేదా అన్నది వేరే ముచ్చట" అని వైరు పెట్టేశాడు. ఆ మాటను నేను అప్పుడు పెద్దగా పట్టించుకోలేదు. యాక్సిలరేటర్ అడుగుదాకా తొక్కి తిప్పాను. నల్లటి పొగ వదిలి కారు లేచింది. అమ్మ "మైసమ్మ తల్లీ" అని రెండు చేతులూ జోడించింది.

అంబాసిడర్ వంశం తెలిసినవాళ్లకు ఇందులో వింత కనిపించదు. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ నుంచి పుట్టిన కారు ఇది. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్ దీన్ని 1950ల చివర నుంచి 2014 మే దాకా తయారుచేసింది. మా కారులోని 1489 సీసీ పెట్రోల్ ఇంజిన్‌లో లోపలికి గాలి, పెట్రోలు పోయే దారీ, కాలిన పొగ బయటికి వచ్చే దారీ ఒకే పక్కన ఉంటాయి. అంటే పొగగొట్టం మొదలు పైన కార్బొరేటరు, కుంపటి మీద గిన్నె పెట్టినట్టు ఉంటుంది. బండి నడుస్తున్నప్పుడు ఫ్యాను గాలి, లోపలికొచ్చే చల్లటి పెట్రోలు కార్బొరేటరును కాపాడతాయి. ఆపగానే ఫ్యాను ఆగుతుంది, నీళ్ల పంపు ఆగుతుంది. ఇనుప దిమ్మలో దాగిన వేడంతా పైకి ఎగబాకుతుంది. ఆపిన పావుగంటకు బానెట్ కింద వేడి నడిచేటప్పటికంటే ఎక్కువ ఉంటుంది. మా కారు ఆపిన వెంటనే లేవడానికీ, గంట తర్వాత లేవడానికీ, మధ్యలో లేవకపోవడానికీ కారణం ఇదే. కొత్త బ్యాటరీ, కొత్త కాయిల్ ఈ విషయంలో ఏమీ చేయలేవు.

ఇప్పటి పెట్రోలు కూడా ఈ బాధను పెంచుతోంది. 2025 నాటికి మన బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు మామూలైపోయింది. ఇథనాల్ 78 డిగ్రీలకే మరుగుతుంది. తనలోనే కొంత ఆక్సిజన్ మోసుకొస్తుంది కాబట్టి, ఒట్టి పెట్రోలుకు లెక్కగట్టి చేసిన పాత కార్బొరేటరు జెట్లలో మిశ్రమం పలచబడుతుంది. పలచటి మిశ్రమం ఇంజిన్‌ను వేడెక్కిస్తుంది. పాత రబ్బరు పైపులను, పంపులోని డయాఫ్రమ్‌ను ఇథనాల్ మెత్తబరుస్తుంది. పాత బండ్లు ఉన్నవాళ్లు ఈ సంగతి తెలుసుకుని పైపులైనా మార్చుకోవాలి. పెట్రోలు కారే పైపు కింద ఎర్రగా కాలిన గొట్టం ఉంటుందని మరిచిపోకూడదు.

కానీ అదే పెట్రోలు అన్ని అంబాసిడర్లూ తాగుతున్నాయి. మా దానికే ఇంత వేడి ఎందుకు?

ఆమనగల్లు దాటాక చిన్నాయన ముందు సీట్లో కూర్చుని రోడ్డు చూడటం మానేసి ముల్లునే చూడసాగాడు. ఊళ్లలో నెమ్మదించినప్పుడు ముల్లు దిగుతోంది. ఖాళీ రోడ్డు మీద వేగం అందుకోగానే ఎక్కుతోంది. "ఫ్యాను సంగతి వదిలెయ్. బెల్టు వదులైనా, ఫ్యాను గాలి కొట్టకున్నా నిలబడ్డప్పుడు కాగుతది. ఉరికేటప్పుడు ఎదురుగాలే సాలు. ఇది ఉరికితెనే కాగుతున్నదంటే నీళ్లన్న సక్కగ తిరగట్లే, మంటన్న సక్కగ మండట్లే." కాసేపాగి ఇంకో మాట అన్నాడు. "ఈ ఎత్తు మీ నాయిన టాప్ గేరుల ఎక్కేటోడు. నువ్వు థర్డుల ఎక్కుతున్నవ్. పికప్ పోయింది, చూసినవా?"

చూశాను. నాలుగైదు నెలలుగా కారు బరువెక్కినట్టు ఉంటే వయసైపోయిందనుకున్నారు ఇంట్లో అందరూ. బండి బలం తగ్గడం, వేడి పెరగడం, వేడి మీద లేవకపోవడం మూడూ ఒకే తీగకు కాసినవేమోనని ఆ క్షణం అనిపించింది.

కల్వకుర్తిలో రోడ్డు పక్కన రేడియేటర్లు అతికే ఒక షెడ్డు దొరికింది. దాని పక్కనే మెకానిక్కు. ముప్పై ఏళ్లు దాటని కుర్రవాడు, అంబాసిడర్లు వాళ్ల నాయిన దగ్గర నేర్చుకున్నాడట. చిన్నాయన అతనికి ఏ భాగం మార్చాలో చెప్పలేదు. కారు ఎప్పుడు ఎట్లా ప్రవర్తించిందో వరసగా చెప్పాడు. అతను కూడా చెయ్యి పెట్టకుండా అంతా విన్నాడు. ఇద్దరు నిపుణులు అట్లా మాట్లాడుకుంటుంటే వినడం నాకు ఎంతో తృప్తినిచ్చింది.

"మూత ఇప్పుడే తెరవద్దక్కా" అని కుర్రవాడు ముందే హెచ్చరించాడు. రేడియేటర్ మూత ఒట్టి మూత కాదు, లోపలి ఒత్తిడిని పట్టి ఉంచే సాధనం. ఏడు పౌండ్ల మూత ఉంటే నీళ్లు 100 దగ్గర కాక సుమారు 111 డిగ్రీల దగ్గర మరుగుతాయి. లోపల 105 డిగ్రీల నీళ్లు కదలకుండా ఉన్నప్పుడు మూత తిప్పితే ఒత్తిడి పోయి, ఆ నీళ్లన్నీ ఒక్కసారిగా మరిగి మొహం మీదికి ఎగజిమ్ముతాయి. ఏటా ఎండాకాలం ఘాట్ రోడ్ల మీద చేతులు, మొహాలు కాల్చుకునేవాళ్లు ఇట్లాగే కాల్చుకుంటారు. పై హోసును గుడ్డతో పట్టుకుని నొక్కితే మెత్తగా ఉండాలి, అప్పుడే మూత ముట్టుకోవాలి. అలాగే కాగిన ఇంజిన్‌లో చన్నీళ్లు ఒక్కసారిగా పోస్తే హెడ్డు పగలొచ్చు. చల్లారాక, ఇంజిన్ నడుస్తుండగా, సన్నటి ధారగా పోయాలి.

అతను రేడియేటరు ముందు కూర్చుని, అరచేతిని దాని కడుపు మీద పైనుంచి కిందికి మెల్లగా జరిపాడు. నన్నూ పెట్టి చూడమన్నాడు. పైన సురసుర కాలుతోంది. కింది మూడో వంతు, ఒక పక్కనైతే సగం దాకా, గోరువెచ్చగా కూడా లేదు. వేడి నీళ్లు అక్కడికి చేరడమే లేదన్నమాట. "బోరు నీళ్లు పోసినట్టున్నరు" అన్నాడు. ఏళ్లుగా మా ఇంటి బోరు నీళ్లే అందులో పడ్డాయి. వాటిలోని సున్నం సన్నటి గొట్టాల్లో గట్టిపడిపోయింది. ఊళ్లో మెల్లగా తిరిగేటప్పుడు ఇంజిన్ పుట్టించే వేడికి మిగిలిన గొట్టాలు సరిపోతాయి. వేగంగా పోయేటప్పుడు చాలవు.

రేడియేటరు విప్పేముందు హెడ్ గ్యాస్కెట్ సంగతి తేల్చాడు. అది పోతే ఇక్కడ చేసే పనంతా దండగ. చల్లారాక మూత తీసి, అంచుదాకా నీళ్లు నింపి, స్టార్ట్ చేసి నీళ్లలోకి చూశాడు. బుడగలు ఆగకుండా వస్తుంటే సిలిండర్లోని మంట నీళ్లలోకి చొరబడుతోందని అర్థం. రాలేదు. డిప్‌స్టిక్ తీసి చూశాడు, ఆయిల్ పాలలా మారలేదు. సైలెన్సరు నుంచి తెల్లటి ఆవిరి లేదు. అమ్మ కొబ్బరిచిప్ప ఇచ్చి "ఏమంటున్నడు బిడ్డా?" అని అడిగింది. గ్యాస్కెట్ బాగుందమ్మా అన్నాను. ఆమెకు గ్యాస్కెట్ అంటే ఏమిటో తెలియదు, నా మొహం చూసి నిశ్చింతపడింది.

రేడియేటరు పక్క షెడ్డుకు వెళ్లింది. అక్కడి పెద్దాయన మంటతో పై ట్యాంకు టంకం కరిగించి విప్పాడు. లోపల తెల్లగా, పెచ్చులుగా సున్నం. చదునైన సన్నటి ఉక్కు పట్టీని ఒక్కో గొట్టంలో దూర్చి, కింది దాకా తోసి, నీళ్లు కొట్టి కడిగాడు. ఓపికతో, మాట్లాడకుండా, గొట్టం తర్వాత గొట్టం. ఇత్తడి, రాగితో చేసిన పాత రేడియేటర్లకే ఈ వైద్యం సాధ్యం. ఇప్పటి కార్లలో అల్యూమినియం కోరుకు ప్లాస్టిక్ ట్యాంకు బిగించి ఉంటుంది. అది మూసుకుపోతే మార్చడమే. ఈ పని తెలిసినవాళ్లు జిల్లాల్లో ఇంకా మిగిలి ఉండటం పాత బండ్ల యజమానుల అదృష్టం. వాళ్ల పని చూడకుండా, కూలి దగ్గర బేరమాడేవాళ్లంటే నాకు కోపం వస్తుంది.

ఈలోగా కుర్రవాడు డెల్కో మూత తీశాడు. డిస్ట్రిబ్యూటర్‌ను మెకానిక్కులెవరూ ఆ పేరుతో పిలవరు, డెల్కో అనే అంటారు. లోపల పాయింట్లు. ఒక చిన్న కడ్డీ మధ్యలో తిరుగుతూ, పాయింటు మడమను తన్నుతూ, వాటిని తెరుస్తూ మూస్తూ ఉంటుంది. తెరుచుకున్న ప్రతిసారీ ఏదో ఒక సిలిండర్లో నిప్పురవ్వ పుడుతుంది. స్టార్టింగ్ హ్యాండిల్ ముందు నుంచి దూర్చి ఇంజిన్‌ను మెల్లగా తిప్పమని నాకు చెప్పాడు. "బొటనవేలు కూడ వేళ్ల పక్కనే పెట్టక్కా, చుట్టూ బిగించి పట్టొద్దు" అన్నాడు. ఇంజిన్ ఎదురు తన్నితే హ్యాండిల్ గిర్రున వెనక్కి తిరిగి బొటనవేలు విరుగుతుంది. మడమ కడ్డీ కొస మీదికి వచ్చి పాయింట్లు పూర్తిగా తెరుచుకున్న చోట ఆపి, ఫీలర్ గేజి పెట్టి చూశాడు. పదిహేను థౌ, అంటే అంగుళంలో వెయ్యింట పదిహేను వంతుల సందు ఉండాలి. ఎనిమిది కూడా లేదు. పాయింట్ల మొహాలు కాలి గుంతపడ్డాయి. మడమ అరిగిపోయింది.

చిన్నాయన నా వైపు తిరిగి "టైముకు వస్తున్నదా అన్న కదా" అన్నాడు.

మడమ అరిగితే సందు తగ్గుతుంది. సందు తగ్గితే పాయింట్లు ఆలస్యంగా తెరుచుకుంటాయి. నిప్పురవ్వ నీలంగా, బలంగానే వస్తుంది, కానీ ఆలస్యంగా వస్తుంది. పిస్టన్ పైకి చేరకముందే అంటుకోవలసిన మంట, అది కిందికి దిగుతుండగా అంటుకుంటుంది. ఆ మంట పిస్టన్‌ను తోయడానికి ఉపయోగపడదు, అందుకే పికప్ పోయింది. ఇంకా మండుతూనే పొగగొట్టంలోకి పోతుంది. దాంతో హెడ్డు కాగుతుంది, దాని చుట్టూ ఉన్న నీళ్లు కాగుతాయి. పొగగొట్టం మొదలు ఎర్రబడుతుంది. దాని మీదే కదా కార్బొరేటరు ఉన్నది. బండి ఆపగానే ఆ వేడంతా పైకి పోయి పెట్రోలు మరుగుతుంది. మైసిగండిలో కారు లేవకపోవడానికి మొదలు ఈ గోరంత మడమ అరుగుదలలో ఉంది. రోడ్డు మీద ముల్లు పైకి పాకడానికీ సగం కారణం ఇదే. మిగతా సగం సున్నం.

నాకు ఆ షెడ్డులో కలిగిన ఆనందం వేరు. ఇన్నాళ్లూ విడివిడి జబ్బులనుకున్నవి ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని ఎదురుగా నిలబడ్డాయి. ఎక్కడ ఆగింది అన్నదానికంటే ఎప్పుడు ఆగింది, ఎంతసేపటికి, ఏ వేగంలో, ఎండలోనా చలిలోనా అని అడిగి ఉంటే ఆ కాయిల్, ఆ బ్యాటరీ కొనవలసిన పనే ఉండేది కాదు. పాత కారును బాగుచేయడానికి వెళ్లేవాళ్లు పానాల సంచి కంటే ముందు ఈ వివరాలు పట్టుకెళ్లాలని నేను గట్టిగా నమ్ముతున్నాను.

కొత్త పాయింట్లు, కండెన్సరు వేశాడు. టైమింగ్ పెట్టడానికి టెస్ట్ ల్యాంపు వాడాడు. బల్బు ఒక వైరు కాయిల్ నుంచి డెల్కోకు పోయే కొనకు, రెండోది ఇనుముకు. తాళం వేసి, ఇంజిన్‌ను హ్యాండిల్‌తో గుర్తు దగ్గరికి తెచ్చి, డెల్కో ఒంటిని వెంట్రుకవాసిగా తిప్పాడు. పాయింట్లు విడిన క్షణాన బల్బు వెలిగింది. అక్కడ బిగించాడు. ఇంజిన్ మీది బరువును బట్టి నిప్పును ముందుకు జరిపే వాక్యూమ్ గొట్టాన్ని నోట్లో పెట్టుకుని పీల్చి, లోపలి పళ్లెం కదులుతోందో లేదో చూశాడు. కదిలింది. ప్లగ్గులు గీకి సందు సరిచేశాడు. పెట్రోలు పైపు ఒకటి వేలితో నొక్కితే జిగురుగా తగిలింది, కొత్తది వేసి పొగగొట్టానికి దూరంగా కట్టాడు. రేడియేటరు వచ్చాక సగం కూలెంటు, సగం డిస్టిల్డ్ వాటరు పోశాం. మూడున్నర దాటింది.

కల్వకుర్తి దాటిన మొదటి ఎత్తులోనే తేడా తెలిసింది. టాప్ గేరులో ఎక్కింది. డిండి దగ్గర నీళ్లు వెనక్కి జరిగి, ఒడ్డున మట్టి నెర్రెలిచ్చి కనిపించింది. హాజీపూర్ తర్వాత కొండలు దగ్గరపడ్డాయి. మన్ననూరులో వెలుగుండగానే ఆగి, అవసరం లేకపోయినా, కావాలని టీ తాగాం. పావుగంట దాటి ఇరవై నిమిషాలు. అదే గడువు కదా కారు మొండికేసేది. అమ్మ కూడా టీ గ్లాసు పట్టుకుని బానెట్ వైపే చూస్తోంది. తిప్పాను. సెల్ఫ్ తిరిగీ తిరగకముందే ఇంజిన్ అందుకుంది. చిన్నాయన మీసం కింద నవ్వాడు. చెక్‌పోస్టులో వివరాలు రాయించుకుని అడవిలోకి ప్రవేశించాం.

వేసవిలో నల్లమల ఆకు రాల్చి ఉంటుంది. చెట్ల నడుమ చాలా దూరం లోపలికి కనిపిస్తుంది. వటవర్లపల్లి దగ్గర చెంచు ఆడవాళ్లు ఇద్దరు కట్టెల మోపులతో రోడ్డు వారగా నడుస్తున్నారు. కోతులు రోడ్డు మధ్యనే కూర్చుని ఎవరైనా ఏమైనా విసురుతారేమోనని చూస్తున్నాయి. విసరకూడదు. వాటిని రోడ్డుకు అలవాటు చేసి చక్రాల కింద చంపుతున్నది ఆ విసిరే చేతులే. దోమలపెంట చేరేసరికి చీకటి పడింది.

అక్కడి నుంచి కృష్ణ దాకా దిగుడు. అంబాసిడర్ డ్రమ్ము బ్రేకులను ఇట్లాంటి దిగుడులో తొక్కుతూ పోతే కాగి పట్టు తప్పుతాయి. సెకండ్ గేరులో వేసి ఇంజిన్‌తోనే పట్టి దింపాను. 145 మీటర్ల ఎత్తున నిలబడ్డ శ్రీశైలం ఆనకట్ట దీపాల్లో మెరుస్తోంది. వంతెన దాటగానే ఎదురుగా సున్నిపెంట ఎక్కుడు.

ఈ ఎక్కుడే అసలు పరీక్ష. మలుపు మీద మలుపు, ఎదురుగాలి అందని నెమ్మది, ఇంజిన్ మీద పూర్తి బరువు. ముల్లు సగం దాటి ముప్పావుకు చేరింది. నా చేతులు చల్లబడ్డాయి. "గేరు దించు బిడ్డా, అది మూలిగినంక కాదు, మూలగకముందే. సెకండుల వెయ్, తొక్కకు, ఒక్క తీరుగ పోనీ" అన్నాడు చిన్నాయన. పెద్ద గేరులో ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతూ బరువు లాగుతుంటే ఫ్యాను, నీళ్ల పంపు కూడా నెమ్మదిగానే తిరుగుతాయి. చిన్న గేరులో అవి వేగం అందుకుంటాయి. హీటరు ఉన్న కార్లలో అయితే కిటికీలు దించి హీటరు పూర్తిగా తెరవాలి. అదొక చిన్న రేడియేటరులా పనిచేసి ఇంజిన్ వేడిని లాగేస్తుంది. మా దాంట్లో లేదు. ముల్లు ముప్పావు దగ్గర ఆగింది, పైకి పోలేదు, కిందికీ రాలేదు. సాక్షి గణపతి దగ్గర ఆగకుండానే దండం పెట్టి, సత్రం చేరాక అరనిమిషం ఊరికే నడిపి ఆపాను.

మర్నాడు అమ్మ మల్లికార్జునస్వామి దర్శనానికీ, భ్రమరాంబ అమ్మవారి దగ్గర కుంకుమపూజకూ వెళ్లింది. చిన్నాయన మనసులో ఆ ముప్పావు ముల్లే ఉంది. మేమిద్దరం కూడా దర్శనం చేసుకుని తొందరగానే బయటికొచ్చాం. కారు వేడెక్కాక ఆయన బానెట్ కిందికి వంగి, నన్ను యాక్సిలరేటర్ తొక్కి పట్టమన్నాడు. "ఇంకొంచెం... ఇంకొంచెం... సూడు!" దిగి చూశాను, ఈసారి ఆయన తొక్కాడు. వేగం పెరగగానే రేడియేటరు కింది హోసు రెండు పక్కలా లోపలికి అణిగి చపటగా అయిపోతోంది. పంపు నీళ్లను పీల్చే పైపు అది. పాతబడి మెత్తబడ్డ రబ్బరు ఆ పీల్పుకు నిలవలేకపోతోంది. నీళ్లు ఎక్కువ కావలసిన సమయంలోనే దారి సన్నబడుతోంది. ఇంజిన్ ఊరికే నడుస్తున్నప్పుడు ఈ లోపం కనిపించదు, అందుకే కల్వకుర్తిలో దొరకలేదు.

అక్కడ అంబాసిడర్ హోసు దొరకలేదు. హార్డ్‌వేర్ కొట్టులో మందంగా ఉన్న జీఐ తీగ కొన్నాం. దాన్ని ఒక పైపు ముక్కకు చుట్టి స్ప్రింగులా చేసి, చల్లారిన నీళ్లు బకెట్లోకి దింపి, హోసు ఊడదీసి లోపల దూర్చాం. మళ్లీ తొక్కి చూస్తే హోసు గుండ్రంగానే నిలబడింది. నీళ్లు తిరిగి పోసి, గాలి బుడగలు పోయేదాకా మూత తీసి నడిపాం. అమ్మ ప్రసాదంతో వచ్చేసరికి మా చేతులు నల్లగా ఉన్నాయి. కడుక్కోమని కసిరింది.

తిరుగు దారిలో దోమలపెంట ఎక్కుడు ఎండలోనే ఎక్కాం. ముల్లు సగానికి ఒక గీత పైన ఆగింది.

కల్వకుర్తిలో ఆ కుర్రవాడు మళ్లీ డెల్కో తెరిచాడు. కొత్త మడమ మొదట్లో తొందరగా అరిగి కుదురుకుంటుంది కాబట్టి కొంత దూరం తిరిగాక ఒకసారి చూడాల్సిందేనట. పదమూడు థౌ ఉంది. పదిహేనుకు పెట్టి, తిరిగే కడ్డీకి వేలికొసంత గ్రీజు రాశాడు. పోయిన సెట్టుకు ఆ గ్రీజే లేదు. పాయింట్లు తీసేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టించుకుంటే ఈ అరుగుదల బాధే ఉండదని చెప్పాడు. చిన్నాయన ఒప్పుకోలేదు. పాయింటు కాలితే అడవిలోనైనా గీకి నడపొచ్చు, ఆ డబ్బా కాలితే అక్కడే కూసోవాలన్నాడు. నేను కుర్రవాడి పక్షం. ఎలక్ట్రానిక్‌ది బిగించుకుని, పాత పాయింట్ల పళ్లెం డిక్కీలో పెట్టుకుంటే ఇద్దరి మాటా నిలుస్తుంది. ఆ మాట మీద కడ్తాల్ దాకా వాదించుకున్నాం.

తుక్కుగూడ దాటాక నగరం రద్దీ మొదలైంది. రోడ్డు మీద కాగడం పోయింది సరే, నిలబడ్డప్పుడు ఎట్లా ఉందో చూడాలి. ఇక్కడ పని ఫ్యానుది, బెల్టుది. ఒక్కో సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఆపకుండానే ఉంచాను. బండ్లు అంగుళం అంగుళం కదులుతున్నాయి, ముల్లు సగం మీద కదలకుండా ఉంది. "ఇగ బ్రేకులు చూడాలె. ఎడమ దిక్కు గుంజుతున్నది, నిన్న దిగుడులనే చూసిన" అన్నాడు చిన్నాయన. కింది హోసు, పంపు డయాఫ్రమ్, బ్రేకులు అని కాగితం మీద రాసి డాష్‌బోర్డులో పెట్టాను.